కళ్ళజోళ్ళాయన గిటార్ మొద్దుబారింది

మనుషులు ఏదీ ఒక పట్టాన తేల్చి చెప్పరని కళ్ళజోళ్ళాయనకు మహా చిరాకు. ఆయన వృత్తి అలాంటిది మరి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెనక గదిలో ఎవరినో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన చట్రం తగిలించి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇందాకటిది బాగుందా, ఇదా? ఒకటా, రెండా?" అని అడుగుతూ ఉండాలి. పాతికేళ్ళుగా అదే ప్రశ్న. వీధిలో అందరూ ఆయన వెనకాల "ఒకటారెండా గారు" అనుకునేవాళ్ళు. ముందు మాత్రం "నమస్కారమండీ" అనేవాళ్ళు.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. కుర్చీలో మనిషి ఊరికే నోటికొచ్చింది చెబుతున్నాడని అనుమానం వస్తే, అద్దం తీసినట్టే తీసి, టక్కుమని చప్పుడు చేసి, మళ్ళీ అదే అద్దం వేసేవాడు. "ఇప్పుడో?" అనేవాడు. "ఆ, ఇప్పుడు చాలా నయమండీ" అన్నాడా, దొరికిపోయాడన్నమాట. అలా దొరికినవాళ్ళ కథలు మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పి పడీపడీ నవ్వేవాడు. భార్య ఎదురుగా కూర్చుని వినేది. ముందు గదిలో కౌంటరు ఆవిడదే కనుక ఆ టక్కుమనే చప్పుడు ఆవిడకు కొత్త కాదు.

అంతటి మనిషి తన గిటార్‌కు పికప్‌లు ఎంచుకోవడానికి ఎనిమిది నెలలు మీనమేషాలు లెక్కపెట్టాడంటే ఎవరైనా ముక్కున వేలేసుకోరూ?

పికప్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద బిగించిన చిన్న ముక్క. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. పైన గిటార్ తీగ వణికితే ఆ వణుకును పట్టి స్పీకరుకు పంపుతుంది. దాన్ని మారిస్తే గిటార్ గొంతు మారుతుంది.

తన గిటార్‌కు గొంతు పోయిందని ఆయన ఫిర్యాదు. రెండేళ్ళుగా అది మొద్దుబారిపోయిందట. దుప్పటి ముసుగులోంచి మాట్లాడుతున్నట్టుందట. తీగలు మార్చాడు, ఫలితం లేదు. వైరు మార్చాడు, ఉహూఁ. స్పీకరు మీద సన్న స్వరాలను పదునెక్కించే ట్రెబుల్ నాబ్‌ను నెలకో గీత చొప్పున పెంచుకుంటూ పోయి, ఇంక తిరగని చోటికి చేర్చాడు. అయినా మొద్దే. ఇక మిగిలింది పికప్‌లే కదా.

విచిత్రమేమిటంటే ఈ మొద్దుతనం ఆయనొక్కడికే వినిపించేది. మిగతావాళ్ళకు అదే గిటార్ చెవుల్లో సూదులు దించినట్టుండేది.

ఆ మిగతావాళ్ళు ఎవరంటే, ఆయన జట్టు. నలుగురు మనుషులు, ఇరవై రెండేళ్ళ స్నేహం, ఆదివారం సాయంత్రం బావమరిది పెయింట్ల గోడౌన్‌లో డబ్బాల మధ్య ప్రాక్టీసు. డ్రమ్స్ వాయించేది బావమరిదే, గిటార్ మీదా నాలుగు ముక్కలు వాయించగలడు. జట్టుకు పెద్ద కూడా అతనే. ఏటా వీధి లైబ్రరీ వార్షికోత్సవంలో వాళ్ళ కచేరీ ఉంటుంది. కిందటేడు రెండో పాటకల్లా మొదటి వరసలో జనం ఒక్కొక్కరే లేచి నాలుగో వరసలోకి చల్లగా జారుకున్నారు. ఆయన భార్య ఒక్కతే మొదటి వరసలో కదలకుండా, మెదలకుండా, చిరునవ్వుతో చివరిదాకా కూర్చుంది. "చూశావా, నా వాయింపంటే మీ అక్కకి ప్రాణం" అని ఆయన బావమరిదితో గొప్పగా చెప్పుకున్నాడు. బావమరిది కిక్కురుమనలేదు.

ఈ ఏడు మాత్రం నోరు విప్పాడు.

"బావా, ఏమీ అనుకోకు. లైబ్రరీ మేడమ్ నాకు ఫోన్ చేసింది. ఈసారి గిటార్ అలాగే కీచుమంటే కచేరీ వద్దంటోంది. వార్షికోత్సవం లోపల దాన్ని బాగుచేయించు. లేకపోతే కీబోర్డు వాయించే ఆయన ఒకాయన ఉన్నాడు, అడిగి చూస్తాం."

"కీచుమనడమేంట్రా? అది అసలు పలకడమే లేదు మొర్రో అంటుంటే."

"అదే బావా. ఏదో ఒకటి చెయ్యి."

కళ్ళజోళ్ళాయన గిటార్‌ను దగ్గరకు లాక్కున్నాడు. చెప్పుకోడు గానీ, వారంలో ఆరున్నర రోజులు ఆయన బతికేది ఆ ఒక్క పూట కోసమే. షాపులో ఆయన పరాయివాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఉండే మనిషి. ఆ గోడౌన్‌లో మాత్రమే మిగతావాళ్ళంతా ఆయన వైపు చూసి, ఆయన తల ఊపితే పాట మొదలుపెట్టేవాళ్ళు. ఆ చోటు పోతే ఇంకేముంది?

అప్పటికి ఆయన ఆరు నెలలుగా పికప్‌ల గురించి చదువుతూనే ఉన్నాడు. ఒంటి చుట్టువి, జంట చుట్టువి, మెత్తటి అయస్కాంతంవి, గట్టి అయస్కాంతంవి. కంపెనీలవాళ్ళ వర్ణనలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒకటి వెన్నలా జారుతుందట, ఒకటి గాజులా మెరుస్తుందట, ఇంకోటి వెన్నలా జారుతూనే గాజులా మెరుస్తుందట. బావమరిది హెచ్చరిక తర్వాత ఇంకో రెండు నెలలు ఆలోచించి, వాయిద్యాల షాపులో మూడు పెట్టెలు పట్టుకొచ్చాడు. నచ్చనివి తిరిగి ఇచ్చేసే ఒప్పందం. వార్షికోత్సవానికి ఇంక మూడు వారాలే ఉంది. పెట్టెలు మూడూ భోజనాల బల్ల మీద పెట్టుకుని వాటి వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు.

"ఏదో ఒకటి పెట్టించండి" అంది భార్య కూరలు తరుగుతూ.

"ఏంటీ? కొంచెం గట్టిగా చెప్పొచ్చుగా. ఎప్పుడూ నోట్లో మాట నోట్లోనే నములుతావు."

"ఏదో ఒకటి పెట్టించండీ అన్నాను."

"ఏదో ఒకటా? గిటార్ గొంతమ్మా అది, కొత్తిమీర కట్ట కాదు."

కొంతకాలంగా ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి. షాపు తలుపు తెరిస్తే మోగే చిన్న గంట తుప్పు పట్టి చచ్చిందని ఆయన రెండుసార్లు దాన్ని పారేయబోయాడు. అది రోజుకు నలభైసార్లు మోగుతూనే ఉంది. ఆ సాయంత్రం ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. పక్క సందులో ఉండే రేడియో మెకానిక్‌ను కూడా పిలిపించింది.

షాపుకు సెలవున్న మధ్యాహ్నం. భార్య ఆయన్ను తీసుకెళ్ళి కంటి పరీక్ష కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఎదురుగా గోడ మీద అక్షరాల పట్టిక. వెనక తెర, తెర వెనక అద్దాలు అరగదీసే గది. ఆ గదిలో బావమరిది, రేడియో మెకానిక్, గిటార్, స్పీకరు, మూడు పెట్టెలు.

"మీరు అందరినీ ఎలా అడుగుతారో నేనూ అలాగే అడుగుతాను. వెనక్కి తిరిగి చూడకూడదు. మెకానిక్ గారు మారుస్తారు, తమ్ముడు ఒకే పాట వాయిస్తాడు. మీరు తేల్చి చెప్పాలి."

ఆయనకు ఈ ఏర్పాటు తెగ నచ్చింది. ఇన్నాళ్ళకు ఇంట్లో ఒక శాస్త్రీయ దృష్టి వచ్చిందని మనసులోనే మెచ్చుకున్నాడు.

మొదట పాత పికప్‌తో వాయించారు. మొద్దు అన్నాడు. పావుగంట స్క్రూడ్రైవర్ల గిరగిరలు, సోల్డరింగ్ వాసన, మెకానిక్ దగ్గు. మళ్ళీ వాయించారు.

"ఒకటా, రెండా?"

"రెండు. సందేహమే లేదు. కాస్త తేటపడింది."

ఇంకో పావుగంట గడిచింది.

"రెండా, మూడా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మూడు" అన్నాడు మెల్లగా. "రెండో దానికి మెరుపుంది. మూడోదానికి ప్రాణం ఉంది. ఆహా, ఇదీ గిటార్ అంటే. ఇదే బిగించమను."

తెర జరిగింది. ఆయన కుర్చీ తిప్పి చూశాడు. మూడు పెట్టెలూ సీలు తీయకుండా వరసగా ఉన్నాయి. గిటార్ మీద ఒక్క స్క్రూ కదల్లేదు. మెకానిక్ ఒక పాత రేడియోకు అతుకు వేసుకుంటూ, ఆయన చూపు తగలకుండా తల వంచుకున్నాడు.

"మార్చలేదా?"

"లేదండీ" అంది భార్య. "మూడుసార్లూ ఒకటే."

"కుదరదు. మూడోసారి బాగుంది. నాకు తెలుసు."

దొరికిపోయినవాళ్ళు పాతికేళ్ళుగా తనతో సరిగ్గా ఈ మాటే అన్నారని నోరు మూతపడ్డాక గుర్తొచ్చింది. మొహం ఎర్రబడింది. "నన్ను వెర్రివాణ్ణి చేద్దామని ముగ్గురూ కూడబలుక్కున్నారా?" అని లేవబోయాడు.

"ఇంకొక్కటి మిగిలింది. కూర్చోండి" అంది ఆవిడ. గొంతులో పరిహాసం లేదు. ఆయన కూర్చున్నాడు.

బావమరిది సన్న తీగల మీద ఒక్క ముక్క వాయించాడు. ఆగి, మళ్ళీ అదే వాయించాడు.

"ఏమైనా తేడా ఉందా?"

"లేదు. ఈసారి నేను పడను. రెండూ ఒకటే."

ఆయన తిరిగి చూశాడు. బావమరిది చెయ్యి స్పీకరు మీదుంది. పూర్తిగా తిప్పి ఉన్న ట్రెబుల్ నాబ్ సగానికి వచ్చేసింది. మెకానిక్ చెవుల్లోంచి వేళ్ళు అప్పుడే తీస్తున్నాడు.

లేని తేడా వినిపించింది. ఉన్న తేడా వినిపించలేదు. పరీక్షలు పెట్టి బతికే మనిషికి దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్షరాల పట్టిక వంక చూస్తూ ఉండిపోయాడు. అట్టడుగు వరస దాకా ప్రతి అక్షరమూ స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు చివరికి.

"రెండేళ్ళు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పానండీ. మీకు వినబడలేదు."

బావమరిదికి నవ్వు తన్నుకొచ్చింది గానీ బావ మొహం చూసి మింగేశాడు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. చెవులు తగ్గినందుకు కాదు. ఇరవై రెండేళ్ళ జట్టును రెండేళ్ళపాటు అంత హింస పెట్టినందుకు, వాళ్ళు అదంతా పళ్ళ బిగువున ఓర్చుకున్నందుకు.

"అయితే ఇంక నేను వాయించలేనన్నమాట."

"చూపు తగ్గినవాళ్ళకి మీరేం చెప్తారు?"

"జోడు పెట్టుకోమంటాను."

"మరి?"

"చెవికి మిషనా? నాకా? ముసలాడిలా ఉండనూ?"

"బాగా నప్పుతుంది. ఎవరికీ తెలియను కూడా తెలియదు."

"అది నేను రోజూ అందరికీ చెప్పేదే కదే."

"అందుకే చెప్తున్నాను" అంది ఆవిడ.

చెవుల పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ను గాజు గదిలో కూర్చోబెట్టి చేతికి ఒక మీట ఇచ్చింది. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కమంది. అక్షరాల పట్టికను బట్టీపట్టి వచ్చేవాళ్ళను చూస్తే ఒంటికాలి మీద లేచే మనిషి, ఆ గదిలో ఏం చేశాడనుకున్నారు? గాజులోంచి ఆ అమ్మాయి మోచేతిని గమనించి, అది కదిలినప్పుడల్లా నొక్కాడు. మూడోసారికి ఆ అమ్మాయి కుర్చీ తిప్పుకుని వీపు చూపించింది. ఆ తర్వాత మీట చాలాసేపు మూగగానే ఉంది.

వారం తర్వాత రెండు చెవులకూ మిషన్లు అమర్చి, "ఈ సెట్టింగు బాగుందా, ఇదా?" అని అడిగింది. "ఒకటి" అన్నాడు ఠక్కున. పక్కనున్న భార్య ఆశ్చర్యపోయింది. ఆయన జీవితంలో అంత త్వరగా తేల్చిన విషయం అదొక్కటే.

షాపుకు తిరిగొచ్చి తలుపు తోస్తే నెత్తి మీద గంట గణగణమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఈ గంట ఎప్పుడు మార్చావు?"

"మార్చలేదండీ" అంది ఆవిడ మామూలు గొంతుతో. ఆ మాట మొదటిసారికే వినిపించింది.

ఆదివారం గోడౌన్‌లో ఆయన తన స్పీకరు ముందు నిలబడి, ఎప్పటిలాగే నాబ్‌ను చివరిదాకా తిప్పి, తీగలన్నీ ఒక్కసారి మీటాడు. మీటిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పెయింటు డబ్బాల మూతలు కూడా వణికినట్టనిపించింది.

"ఇదా? రెండేళ్ళు నేను వాయించింది ఇదా? మీరెలా ఊరుకున్నార్రా?"

"ఊరుకోలేదు బావా" అన్నాడు బావమరిది. "డ్రమ్స్ ఇంకా గట్టిగా కొట్టాను."

నాబ్‌ను సగానికి కాదు, ఇంకా కిందికి దించాడు. పాత పికప్, పాత గిటార్. పందొమ్మిదో ఏట మొదటిసారి చేతికొచ్చినప్పటి గొంతే అది. ఎక్కడికీ పోలేదు. మర్నాడే మూడు పెట్టెలూ వాయిద్యాల షాపులో తిరిగి ఇచ్చేశాడు. "ఒక్కటీ నచ్చలేదా సార్?" అని షాపాయన అడిగితే, "మూడోది బాగుందండీ, ప్రాణం ఉంది" అన్నాడు. షాపాయన సీలు వంక, ఈయన వంక మార్చి మార్చి చూశాడు.

లైబ్రరీ హాలు నిండిపోయింది. పాత అనుభవం ఉన్నవాళ్ళంతా తెలివిగా నాలుగో వరస నుంచి కూర్చున్నారు. మొదటి వరసలో ఎప్పటిలాగే ఆయన భార్య ఒక్కతే ఉంది. ఆయన తల ఊపాడు. పాట మొదలైంది. వాయిస్తూ వాయిస్తూ ఆవిడ వంక చూశాడు. కిందటేటి చిరునవ్వే, కదలకుండా, మెదలకుండా.

మొదటి పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి. లైబ్రరీ మేడమ్ నాలుగో వరసలోంచి లేచి రెండో వరసలోకి వచ్చింది. ఆవిడ వెనకాలే ఇంకో ఇద్దరు వచ్చారు. రెండో పాట ఎత్తుకుని సగంలోకి వచ్చేసరికి, భార్య ఒకసారి అటూ ఇటూ చూసి, కుడి చెవిలోంచి దూది ఉండ ఒకటి తీసింది. తర్వాత ఎడమ చెవిలోంచి. అద్దాలు తుడవడానికి షాపులో వాడే దూదే.

ఆయన వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. బావమరిది తాళం పట్టుకుని నిలబెట్టాడు. ఆవిడ రెండు ఉండలనూ పర్సులో వేసుకుని, జిప్పు లాగి, ఒళ్ళో చేతులు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. జిప్పు చప్పుడు స్టేజి మీద ఉన్న ఆయనకు వినిపించింది.