యేసుమణి చిన్న ఫోను

కొమరోలు బస్టాండు ఎదుట యేసుమణి నడిపే ఆన్‌లైన్ సెంటరులో రెండు ఫోన్లు ఉంటాయి. పెద్దది ఆమె సొంతానికి, దుకాణంలో చేసే మామూలు దరఖాస్తుల కబుర్లకు. బటన్లున్న చిన్నది, తమకంటూ ఫోను లేని ఆడవాళ్ల కోసం. ఏ దరఖాస్తుకైనా ఒక నంబరు ఇవ్వాలి. ఇక్కడి ఇళ్లలో ఆ నంబరు సాధారణంగా భర్తది, లేదా కొడుకుది. కాబట్టి భార్యకు వచ్చే కబురును ముందు భర్త చదువుతాడు. అది వద్దనుకున్నవాళ్లు అడిగితే యేసుమణి చిన్న ఫోను నంబరు రాస్తుంది. ఈ ఏడాది దసరా నాటికి అరవై ముగ్గురి మెసేజీలు ఆ ఫోనుకే వచ్చేవి.

ఆమెకు నలభై ఒక్క ఏళ్లు. తల్లిదండ్రులది పెద్దారవీడు, ఇద్దరూ కూలిపని చేసేవాళ్లు. ఇంటరు తరువాత మార్కాపురంలో పలకలకు చట్రాలు బిగించే చోట ఆరేళ్లు పనిచేసింది. ఆ సంపాదనతోనే కంప్యూటరు నేర్చుకుంది. పెళ్లయి కొమరోలు వచ్చాక ఈ దుకాణం పెట్టి పదకొండేళ్లయింది.

ప్రతి దరఖాస్తు చివరా గోప్యతా విధానం అనే పేజీ ఒకటి, దాని కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే గడి ఒకటి ఉంటాయి. వేలమంది తరఫున ఆమె ఆ గడిలో టిక్కు పెట్టింది. పేజీని మాత్రం చదవలేదు. ఎవరూ చదవమని అడగలేదు కూడా.

ఆమెచేత ఆ పేజీ చదివించిన సంఘటన మూడేళ్ల కిందట జరిగింది. గోవిందమ్మ మిరపకోతకు కూలీల ముఠాతో పోయే మనిషి. ఒక ఉదయం ఆమె రోడ్డుకు అవతల ఆటో ఎక్కుతుండగా చిన్న ఫోనుకు ఆమె పేరుతో మెసేజీ వచ్చింది. ఈ ఊళ్లో మంచి కబురైనా, మామూలు కబురైనా రోడ్డు దాటి చెప్పరు, కేకేసి చెబుతారు. యేసుమణి కూడా అదే చేసింది.

“గోవిందమ్మత్తా! నీ టీబీ మందులు వచ్చినాయంట, పోయి తెచ్చుకో!”

ఆటోలో అప్పటికే ఏడుగురు కూర్చుని ఉన్నారు. ఆ రోజు చేనులో గోవిందమ్మకు నీళ్లు విడిగా ఒక సీసాలో పోసి ఇచ్చారు. మరుసటి వారం నుంచి ముఠా ఆమెను పిలవలేదు. మందులు మొదలై అప్పటికి మూడు నెలలు. ఆమె నుంచి ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పినాడని గోవిందమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. ఎవరూ వినలేదు. సెంటరుకు రావడం కూడా మానేసింది. యేసుమణి రెండుసార్లు ఆమె ఇంటికి పోయింది. రెండుసార్లూ గోవిందమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు.

ఆ తరువాతే యేసుమణి ఆ పేజీని మొదటి నుంచి చివరి దాకా చదివింది. వ్యక్తిగత వివరాలు వృత్తిరీత్యా అవసరమున్నవారికి మాత్రమే అందుబాటులో ఉంటాయని అందులో ఒక వాక్యం ఉంది. “ఆ అవసరమున్నవాళ్లలో నేను గూడా ఉన్నానని అప్పటిదాకా తట్టలేదు” అని ఆమె ఇప్పుడు అంటుంది.

ఇక ఆరోగ్యం కబుర్లలో ఏముందో బయట చెప్పడం మానేసింది. అవి వస్తే ‘పనుంది, రమ్మను’ అని మాత్రమే ఆటో నడిపే ఏబేలుతో చెప్పి పంపేది. మిగతావి ఎప్పటిలాగే కేకేసేది. రెండు నెలల్లో ఈ ఏర్పాటు కూడా బెడిసింది. ఏబేలే ఆ సంగతి నవ్వుతూ చెప్పినాడు.

“అక్కా, నువ్వు రమ్మన్నావని చెప్తే చాలు, ఏం రోగమో అని పక్కింటోళ్లు గూడా బయటికొస్తాండారు.”

ఆ రోజు నుంచి ఆమె అన్నిటికీ ఒకే మాట వాడింది. గ్యాసు బండకైనా, రేషను కార్డుకైనా, హాల్‌టికెట్టుకైనా పనుంది, రమ్మను. జనం విసుక్కున్నారు. పిచ్చయ్య అనే పెద్దాయన రెండు మైళ్లు నడిచివచ్చి, బండ సంగతేనని తెలిసి మండిపడినాడు.

“బండ వచ్చిందని చెప్పేదానికి గూడా రహస్యమా? నువ్వేమన్నా కలెక్టరువా మ్మే?”

“ఈసారి ఏబేలు ఆటోలో రా మామా, నడవొద్దు.”

“ఈసారి శ్రీకాంత్ దుకాణానికి పోతా. ఆయనైతే నా పేరు ఊరంతా వినపడేటట్టు పిలుస్తాడు.”

అన్నట్టే పోయినాడు. రోడ్డు చివర శ్రీకాంత్ కొత్తగా పెట్టిన సెంటరుకు మరికొందరు కూడా మళ్లారు. చిన్న ఫోను నంబరు ఇచ్చినవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ ఏడాది వానాకాలంలో రజిని పేరుతో ఒక మెసేజీ వచ్చింది. ఆమె బేస్తవారిపేట పిల్ల. ఇక్కడ రంగనాయకమ్మ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లు. మార్కాపురంలో పరీక్షలు చేయించుకున్నప్పుడు భర్త నంబరు కాక చిన్న ఫోను నంబరు ఇచ్చింది. ఏబేలు ఎప్పటిలాగే కబురు చేర్చినాడు. వచ్చింది మాత్రం రంగనాయకమ్మ.

“మా కోడలిని రమ్మన్నావంట. ఏంది సంగతి?”

“ఆమెకే చెప్తా పెద్దమ్మా.”

“నేనెవరు మరి? మా ఇంట్లో పిల్లే గదా. రిపోర్టు వచ్చిందా?”

“నిన్న మీ ఎదురింటాయనను గూడా రమ్మన్నా. అది రిపోర్టా, ఇంకోటా నేను చెప్పను.”

“మా వీధి వీధంతా నీ దగ్గరికి రాకుండా చేస్తా, తెలుసునా?”

“చేయొచ్చు.”

రంగనాయకమ్మ స్టూలు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

“పిల్లకు ఏమన్నా ఉంటే నేను చూసుకోనా?”

“చూసుకుంటావు. ఆమె చెప్తే చూసుకో. నేను ముందే చెప్తే, నీకు చెప్పాల్నా వద్దా అనేది ఇంక ఆమె చేతుల్లో ఉండదు. గోవిందమ్మత్తకు నేను చేసింది అదే.”

గోవిందమ్మ సంగతి రంగనాయకమ్మకు తెలుసు. ఆమెను కోతకు పిలవని చేలలో ఒకటి వాళ్లదే. రంగనాయకమ్మ లేచి వెళ్లిపోయింది.

మూడో రోజు రజిని వచ్చింది. యేసుమణి చిన్న ఫోను ఆమె చేతికిచ్చి, తను బయటికి వచ్చి నిలబడింది. రజిని చదువుకుంది, ఫోను బల్ల మీద పెట్టింది, బస్సు వేళైందని వెళ్లిపోయింది. అందులో ఏముందో ఈ కథనంలో లేదు. యేసుమణి చెప్పలేదు.

దసరా తరువాత రంగనాయకమ్మ మళ్లీ వచ్చింది. వీధిని మళ్లించలేదు. చేతిలో తన పేరున్న ఆసుపత్రి కాగితం ఒకటి ఉంది.

“దీని మీద మావాడి నంబరు రాసినారు. తీసి నీ చిన్న ఫోనుది పెట్టు.”

“రజినికి తెలుసునా పెద్దమ్మా?”

“తెలీదు. మా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు.”

యేసుమణి నంబరు మార్చింది. చిన్న ఫోనుకు ఆమె అరవై నాలుగో మనిషి. వారం తరువాత ఆ పేరుతో మెసేజీ వచ్చింది. ఏబేలు ఆటో ఆపి, ఎవరికైనా కబురుందా అని అడిగినాడు.

“రంగనాయకమ్మ పెద్దమ్మను రమ్మను. పనుంది.”

“గ్యాసు బండే గదా” అంటూ ఏబేలు ఆటో తీసినాడు.