అరుపు మింగిన ఆశీర్వాదం

జొన్న గింజ పాలు పోసుకునే రోజుల్లో బంగార్రాజుగారు తన మంచె మీదికి ఆశీర్వాదాన్ని తప్ప ఇంకొకర్ని ఎక్కనిచ్చేవారు కాదు. జంగారెడ్డిగూడెం పక్క మెట్టచేలల్లో పిట్టల్ని తోలడానికి అందరూ ఒడిసెల తిప్పితే, అతను ఉత్త చేత్తోనే మట్టిబెడ్డను రెండు కంకుల సందులోంచి పంపేవాడు. కంకి విరిగితే రాజుగారు ఊరుకోరు మరి. విసిరే ముందు ‘హోయ్’ అని ఒక అరుపు. మంచె ఎక్కినవాళ్లందరూ అరిచేవారే. చిన్నప్పట్నుంచీ అరుపూ విసురూ అతనికి ఒకే పని.

డెబ్బై ఏడులో ఏజెంటు అతన్ని కువైట్ పంపింది మాత్రం ఇటుకలు మోయడానికి. అక్కడ శుక్రవారం సెలవు. కొరియా వాళ్లూ ఫిలిప్పీన్స్ వాళ్లూ ఇసుకలో బేస్‌బాల్ ఆడుతుంటే ఆశీర్వాదం గోడ నీడన కూర్చుని వింతగా చూసేవాడు. కర్ర పట్టుకున్నవాడు బంతి కొట్టి, కర్ర పారేసి పరిగెత్తుతాడెందుకు? విసిరేవాడు అంత సేపు ఆలోచిస్తాడేంటి? ఒకరోజు బంతి అతని కాళ్ల దగ్గరకి దొర్లితే తిరిగి విసిరాడు. పాక్ అనే కొరియా మేస్త్రీ దాన్ని పట్టుకుని, చెయ్యి విదిలించుకుని, అతన్ని మైదానంలోకి పిలిచాడు.

బంతి కొట్టేవాడి మోకాళ్లకీ చంకలకీ మధ్య, నేల మీది పలక మీదుగా వెళ్లాలని సైగలతో చెప్పారు. కంకుల సందే కదా అనుకున్నాడు ఆశీర్వాదం. ‘హోయ్’ అని విసిరాడు. ఆట ఆగిపోయింది. అరవకూడదట, కొట్టేవాడు బెదిరితే ఆ బంతి చెల్లదట. నోరు మూసుకుని విసరడం నేర్చుకోవడానికి అతనికి ఎండాకాలమంతా పట్టింది.

కువైట్‌లో పని అయిపోతే పాక్ అతన్ని బహ్రెయిన్ తీసుకుపోయాడు, అక్కణ్నుంచి మస్కట్. కాగితం మీద కూలీ. ఉంచుకున్నది బంతి విసిరే చేతి కోసం. సెలవుకి వచ్చినప్పుడు భార్య సంపూర్ణమ్మ పెట్టెలో బంతి పట్టుకునే తోలు చేతితొడుగు చూసి, “ఒక్కటే ఉందేంటండీ? రెండోది పారేసుకున్నారా?” అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. బంతి విసిరితే ఎవరన్నా అన్నం పెడతారా అని ఆవిడ అనుమానం.

ఎనభై మూడుకి మస్కట్ పని కూడా ముగింపుకొచ్చింది. పక్క క్యాంపు ఇంజనీరు శుక్రవారం ఆట చూడటానికి వస్తున్నాడనీ, నచ్చితే ఉంచుకుంటాడనీ, లేకపోతే ఇంటికి టిక్కెట్టేననీ పాక్ చెప్పాడు. అప్పటికే కొన్ని నెలలుగా ఆశీర్వాదం భుజం పట్టేస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం ఇంజనీరు చూస్తుండగా, ఆట చివర్లో కర్ర పట్టుకుని రామోన్ నిలబడ్డాడు, ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియను. ఆశీర్వాదం చెయ్యెత్తాడు, భుజంలో మెరుపులా నొప్పి, ఇన్నేళ్లుగా మింగిన అరుపు బయటికొచ్చేసింది. రామోన్ ఉలిక్కిపడి కర్ర వదిలేశాడు. అందరూ పగలబడి నవ్వారు. బంతి మాత్రం పలక మీదుగా, కువైట్ రోజుల్లోలా దూసుకుపోయింది.

ఆశీర్వాదం తన చెయ్యి వైపు చూసుకున్నాడు. అరుపుతో పాటే వస్తుందా ఆ బలం? ఇన్నాళ్లూ సగమే విసిరానా?

“అరిస్తే తప్పా?” అని పాక్‌ని అడిగాడు.

“తప్పే.”

నోరు మూసుకుని మళ్లీ విసిరాడు. రామోన్ దాన్ని కంచె అవతలి ఇసుకలోకి కొట్టాడు. ఇంజనీరు లేచి వెళ్లిపోయాడు.

ఆ ఏడు జొన్న పాలు పోసుకునే వేళకి ఆశీర్వాదం రాజుగారి మంచె కింద నిలబడి పని అడిగాడు. ఎక్కి చూపించమన్నారాయన. అతను నొప్పి ఓర్చుకుని బెడ్డ విసిరాడు. రెండు కంకుల సందులోంచి చక్కగా వెళ్లింది. పిచ్చుకలు తల కూడా తిప్పకుండా గింజలు తింటూనే ఉన్నాయి.

“ఏంట్రా, మూగనోము పట్టావా? అవతల చేనంతా తినేస్తున్నాయి,” అన్నారు రాజుగారు.

“ఆయ్... అలవాటు తప్పిందండి.”

ఇంకో బెడ్డ తీసుకున్నాడు. ఎవరైనా ఆట ఆపుతారేమోనన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, గుండె నిండా గాలి పీల్చి ‘హోయ్’ అన్నాడు. చేను చేనంతా ఒక్కసారి లేచింది.

రాజుగారు రేపట్నుంచి రమ్మన్నారు. బెడ్డ ఇంకా ఆశీర్వాదం చేతిలోనే ఉంది.