సంగటికి కాపలా

ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ప్రాసెస్ మ్యాపింగ్ చెబుతాను. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా బొమ్మగా గీస్తే, కాలం ఎక్కడ కారిపోతోందో కనబడుతుందని పిల్లలకు నమ్మకంగా చెబుతాను. మా ఇంట్లో ఉదయం వంట నాది. నా భార్య జమ్మలమడుగులో టీచరు. ఆమె ఎక్కాల్సిన బస్సు తరచూ ఆమె లేకుండానే వెళ్లేది. ఈ మూడు సంగతులకూ సంబంధం ఉందని, పులివెందుల నుంచి మా అత్త వచ్చాకే నాకు తోచింది.

ఆమె వచ్చిన మరునాడే బస్సు తప్పింది.

"రేపు గూడా తప్పితే నేనీడ్నే ఉండిపోతా అల్లుడా. వంట నేను జూసుకుంటా," అంది.

మా అత్త మంచి మనిషి. పులివెందులలో ఉన్నప్పుడు ఆ మంచితనం మరింత స్పష్టంగా తెలుస్తుంది. పైగా మా వంటిల్లు నేను ఇష్టపడి సంపాదించుకున్నది.

ఆ సాయంత్రం వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో మ్యాపు గీశాను. పొయ్యి, సింకు, పెరట్లో రోలు, నేను తిరిగే దారులన్నీ. అత్త గడపలో నిలబడింది.

"ఏంది అల్లుడా, పొయ్యికాడికి దావ తెలీక గీసుకుంటాండావా?"

"కాలం యాడ పోతాందో చూస్తాండా అత్తా."

"దానికి నేల పాడు జెయ్యాల్నా? నన్నడిగింటే చెప్తుంటి గదా. లేటుగా లేస్తాండావు."

దాన్నీ మ్యాపులో చేర్చాను. శాస్త్రంలో మొహమాటం పనికిరాదు.

అంతా గీశాక చూస్తే ఒకచోట గీతే లేదు. ఉడికే బియ్యం మీద రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, అది మగ్గేదాకా నేను సంగటి కెలికే కట్టె పట్టుకుని ఊరికే నిలబడతాను. వదిలి పోతే సంగటి ఉండలు కడుతుందని పెళ్లయిన కొత్తలో అత్తే చెప్పింది. అప్పట్నుంచీ కాపలా కాస్తున్నాను. సంగటి దించాకే పెరట్లోకి పోయి ఊరుబిండి పచ్చడి నూరేవాణ్ణి. వేరుశనగ విత్తనాలు, మిరపకాయలు నలిగేలోగా బస్సు ఊరు దాటేది.

కాపలా మానితే అత్త ఒప్పుకోదు. మిక్సీలో వేసిన ఊరుబిండి నా భార్య ముట్టదు. అందుకని రోలునే లోపలికి తెచ్చాను. తెచ్చానంటే, పక్కింటి మామా నేనూ కలిసి మోశాం.

"ఇల్లు ఖాళీ చేస్తాండారా అప్పా?" అని ఆయన మధ్యలో ఆగి అడిగాడు.

మరునాడు బియ్యం ఉడుకుతుండగానే రెండో పొయ్యి మీద విత్తనాలు, మిరపకాయలు వేయించేశాను. పిండి పోసి, మూతపెట్టి, పొయ్యి పక్కనే కూర్చుని నూరాను. సంగటి కట్టె ఒళ్లో ఉంది. కాపలా కాపలాయే. తర్వాత కెలికితే ఒక్క ఉండ లేదు. అత్త ముద్దను వేలితో నొక్కి చూసి తన కంచంలో వేసుకుంది. మా పెళ్లయ్యాక నా వంటకు ఆమె వంక పెట్టకపోవడం అదే మొదలు.

బాక్సు సర్దుకుని వెళ్లిన కాసేపటికి నా భార్య ఫోన్ చేసింది.

"స్టాండులో ఉండా. బస్సే ఇంగా రాలేదు. ఏం జెయ్యాల?"

"ఎదురుచూడు," అన్నాను. ఆ మాట అనాలని నాకు చాలాకాలంగా ఉంది.

అత్త సంచి సర్దుకుంది. గచ్చు తుడుద్దామని నేను గుడ్డ తీస్తే ఆపింది.

"తుడవాకప్పా. ఫోటో కొట్టి మా కోడలికి పంపు. ఆడ గూడా ఇదే యవ్వారం."

వెళ్లేటప్పుడు గీతలు తొక్కకుండా, ముగ్గును దాటినట్టు దాటి వెళ్లింది.