లోపలి కుట్లు

టైలరమ్మకు ఓ పిచ్చి ఉంది. తను పస్తులైనా ఉంటుంది గానీ, కూతుర్ని పాత బట్టల్లో గడప దాటనివ్వదు. ఆ పిచ్చే ఈసారి కొంప ముంచింది.

కూతురికి చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ ఇన్సులిన్ సూది పడకపోతే ప్రాణం మీదకి వచ్చే రకం. ఇప్పుడు కాలేజీ చదువు. ఫీజు కడితే మందు లేదు, మందు కొంటే ఫీజు లేదు. తల్లి తిరగని ఆఫీసు లేదు. ఒకచోట పై వారం రమ్మన్నారు. ఇంకోచోట గుమాస్తా, "షుగరు ఎవరికి లేదమ్మా, నాకూ ఉంది" అని నవ్వాడు. వాడి సొమ్మేం పోయింది, నవ్వక! తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాక, కాలేజీలోనే ఇలాంటి పిల్లలకోసం సహాయనిధి ఉందని తెలిసింది. తల్లినీ కూతుర్నీ రమ్మన్నారు.

ఇంకేం, మిషను ముందు కూర్చుంది. గిరాకీల బట్టల్లో మిగిలిన ముక్కల మూట విప్పి, అతుకు తెలియకుండా డ్రెస్సు కుట్టింది. మెడకు లోపలివైపు ఆకుపచ్చ పట్టు పట్టీ వేసింది.

నిధి చూసే మేడమ్ కూడా టైలరమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే గిరాకీయే. పిల్లను ఎగాదిగా చూసింది.

"డ్రెస్సు భలే ఉందే. ఎక్కడిది?"

ముక్కలతో కుట్టానంటే, మరి మా గుడ్డలో ఏమీ మిగల్లేదన్నావేం అంటారు. ఏ టైలరూ ఆ మాట పైకి అనరు.

"షాపులో కొన్నామండీ" అనేసింది తల్లి.

"ఇంత మంచివి కొనేవాళ్లకి మా సాయం ఎందుకమ్మా? నిజంగా లేనివాళ్లు బయట కూర్చున్నారు."

ఆ తర్వాత ఓ పొద్దున తల్లికి అనుమానం వచ్చింది. "మందు సీసా ఇంకా అయిపోలేదేమే?"

"సగం సగం వేసుకుంటున్నానమ్మా. ఇంకొన్నాళ్లు వస్తుందని."

"నన్ను చంపుతావటే!" అని అరిచి, పిల్లను కావలించుకుని ఏడ్చింది. అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించింది. పిల్లను ఇంట్లో దింపి, ఆ డ్రెస్సు పట్టుకుని మేడమ్ గదికి వెళ్లింది.

బల్లమీద తిరగేసి పరిచింది. లోపలంతా అతుకులే.

"అబద్ధం చెప్పానండీ. ఇది కొన్నది కాదు, అన్నీ జనాల బట్టల్లో మిగిలిన ముక్కలే. పిల్ల మందు సగమే వేసుకుంటోంది."

మేడమ్ వేలు ఆకుపచ్చ పట్టీ మీద ఆగింది. "ఇది నా జాకెట్టు గుడ్డ కదూ? ఏమీ మిగల్లేదన్నావు."

"మీదేనండీ. మిగిలింది."

మేడమ్ సహాయనిధి కాగితం ముందుకు లాక్కుంది. దానిమీద సంతకం పెట్టింది.

"మందూ ఫీజూ నిధి చూసుకుంటుంది. నీ దగ్గరున్న నా బట్టలు మాత్రం పంపించెయ్. ఇక కుట్టక్కర్లేదు."

"అలాగేనండీ" అంది టైలరమ్మ. సంతోషించడానికి కూడా ఓపిక లేదు.

సాయంత్రం పట్టీ కుట్లు ఊడదీసి, ఇస్త్రీ చేసి, మేడమ్ బట్టల మీద మడతపెట్టింది.

"డ్రెస్సు మెడంతా పాడైందే అమ్మా" అంది కూతురు.

"కానీలే. ముందు సూది వేసుకో. డాక్టరు చెప్పినంతా వేసుకో, నేను చూస్తాను."