ఆబా పళ్లెంలో జప్తు సరుకు

మేమంతా ఆబా అని పిలిచే మా మామగారు జ్ఞానదేవ్ చౌగులేకి లోకంలో నమ్మకం లేనిది ఒక్కటే, తన పళ్లెం. ఇల్లు కట్టిన మేస్త్రీని నమ్మారు, సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్యను నమ్మారు, ఆఖరికి ఓట్లడగడానికి వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ నమ్మారు. భోజనానికి కూర్చుంటే మాత్రం కన్నతల్లి వడ్డించినా అనుమానమే. అందులో ఎక్కడో ఒక కూరగాయ నక్కి ఉంటుందని ఆయన గట్టి అభిప్రాయం.

అదంతా ఉద్యోగం చేసిన పని అని మా వీధిలో అందరూ అనేవాళ్లు. కొల్హాపూర్‌లోకి వచ్చే సరుకు మీద పన్ను వసూలు చేసే నాకాలో ఆబా ముప్పై మూడేళ్లు పనిచేశారు. లారీ ఆగగానే బస్తాలో ఇనుప ఊచ గుచ్చి, "పైన ఉల్లిపాయలు సరే, కింద ఏముంది?" అని అడగడం ఆయన పని. రిటైరైన రోజున ఊచ ఆఫీసులో అప్పగించి వచ్చారు. ప్రశ్నను మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నారు.

నేను కోడలిగా వచ్చిన మూడో రోజున కీమా వండాను. ఆబా రొట్టె ముక్కతో కీమాను నాలుగు వైపులా తవ్వి చూశారు.

"కొత్త కోడలా, పైన కీమా సరే. కింద ఏముంది?"

"కింద కూడా కీమానే ఆబా."

"మధ్యలో?"

మధ్యలో రెండు బఠాణీలు ఉన్నాయి. వాటిని వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పండ్లన్నా అంతే. ఎవరైనా నారింజపండు ఇస్తే తొన తొనా విప్పి, గింజలు లెక్కపెట్టి, "ఇంత చక్కగా సర్దిపెట్టి ఉందంటే ఏదో దాచే ఉంటారు" అని పక్కన పెట్టేసేవారు. ఆయన కళ్లు మూసుకుని తాగేది ఊళ్లో గంగావేశ్ కూడలి దగ్గర గేదెను మన ఎదుటే పితికి ఇచ్చే పాలు ఒక్కటే. అక్కడ కూడా ఒకరోజు గేదె నోరు ఆడించడం చూసి పాలవాణ్ణి నిలదీశారు.

"దీనికి ఏం పెడుతున్నావురా?"

"పచ్చగడ్డి ఆబా. ఇంకేం పెడతాను?"

ఆబా గ్లాసు వంక చాలాసేపు చూశారు. ఆ పూట సగమే తాగారు.

నవ్వుకుంటూ ఆరేళ్లు గడిచాయి. ఏడో ఏడు ఆయనకు రెండు కళ్లలోనూ పొర బాగా ముదిరింది. టీలో ఉప్పు వేసుకున్నారు. ఒకరోజు గుమ్మం ముందు ఆగిన బస్సును గోడ అనుకుని ఆనుకోబోయారు. డాక్టర్ నింబాళ్కర్ రక్తపరీక్ష చూసి, "షుగర్ ఇంత ఉంటే కంటికి కత్తి పెట్టను. మూడు నెలల్లో దించాలి. మటన్ బాగా తగ్గించి, రోజూ రెండు పూటలా కూరగాయలు. లేదంటే ఈ కాస్త చూపు కూడా ఉండదు చౌగులే సాహెబ్," అన్నాడు. అదే బల్ల మీద మా అత్తగారు హౌసాబాయి, అంటే మా ఆయీ, రక్తపరీక్ష కాగితం కూడా ఉంది. ఆవిడకు షుగరు లేదు, బీపీ లేదు. "ఈవిడ రక్తం పాతికేళ్ల పిల్ల రక్తంలా ఉంది. ఈవిడ తిన్నదే మీరూ తినండి," అన్నాడు డాక్టరు.

ఆబా బయటికొచ్చి, "ఈ డాక్టరు కూరల మార్కెట్లో కమీషన్ తీసుకుంటున్నాడేమో కనుక్కో," అన్నారు నాతో.

ఆ రోజు నుంచి నేను దొంగరవాణా మొదలుపెట్టాను. సొరకాయ తురిమి కీమాలో కలిపాను. పాలకూర రుబ్బి రొట్టె పిండిలో పిసికాను. మటన్ ఎర్ర పులుసులో, అదే మా రస్సాలో, బీట్‌రూట్ దాచాను. చూపు లేని మనిషి కదా, ఎలా కనిపెడతారులే అనుకున్నాను. ఆయన రస్సా గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చారు.

"వైజూ, దీంట్లో మట్టి వాసన వస్తోంది. మేక మట్టిలో పుట్టదు."

"మసాలా మారింది ఆబా."

"ముప్పై మూడేళ్లు లారీ డ్రైవర్లు చెప్పింది ఇదే. నీ పప్పులు నా దగ్గర ఉడకవు."

పట్టుకున్న ప్రతి ముక్కా పళ్లెంలో కుడివైపుకు చేరేది. దాన్ని ఆయన జప్తు సరుకు అనేవారు. నెలన్నర గడిచింది. షుగర్ ఒక్క అంకె కూడా కదల్లేదు. రాత్రుళ్లు నాకు నిద్ర పట్టేది కాదు. చేతులారా ఆయన్ని గుడ్డివాణ్ణి చేస్తున్నాననిపించేది.

అనుమానం అంటువ్యాధి కాబోలు, ఆయన్ని చూసి చూసి నాకూ పట్టుకుంది. ఆబా జప్తు చేసిన సరుకును చిందరవందరగా తోసేయరు. ముక్కలన్నీ ఒకచోట చేర్చి, కాస్త గుజ్జు కూడా వాటి మీదికి లాగి, సగం రొట్టె తుంచి పైన మూతలా కప్పి లేస్తారు. ఒంటికి పడని వస్తువుకు ఇంత మర్యాద ఏమిటి? ఆ తర్వాత అదే పళ్లెం ముందు ఆయీ కూర్చుని తింటుంది. భర్త తిన్న పళ్లెంలోనే భార్య తినడం ఆ తరం ఆడవాళ్ల అలవాటు. వేరే పళ్లెం పెట్టుకోమని నేనెన్నిసార్లు చెప్పినా, "మళ్లీ అదొకటి తోమాలా?" అని తోసిపుచ్చేది.

ఒకరోజు ఆయీ చెల్లెలి ఇంటికని కాగల్ వెళ్లింది. ఆబాకి గుత్తి వంకాయ వడ్డించాను. మామూలుగానే వాసన చూసి, తిట్టి, నాలుగు వంకాయలూ కుడివైపుకు చేర్చి, రొట్టె కప్పి లేచారు. లేచినవారు అక్కడే నిలబడిపోయారు.

"వైజూ, హౌసా ఎప్పుడొస్తుంది?"

"రేపు ఆబా."

"రేపటికి ఇది పాడైపోతుంది కదే."

"పాడైతే మీకేం? మీకు పడని సరుకే కదా!"

ఆబా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. నేను వదల్లేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన గొంతుతోనే అడిగాను.

"పైన అనుమానం సరే. కింద ఏముంది ఆబా?"

 ఆయన తల వంచుకునే చెప్పారు.

"మా పెళ్లినాటికి హౌసాకి పద్దెనిమిదేళ్లు. ఇంట్లో పద్నాలుగు మందిమి. మగాళ్లం తిని లేచాక ఆడాళ్లు. కొత్త కోడలు అందరికంటే ఆఖరు. అప్పటికి దానికి మిగిలేది ఎండు రొట్టె, పచ్చిమిరపకాయల కారం. గోడవైపు తిరిగి కూర్చుని నములుతుండేది. అమ్మని అడిగితే పెళ్లాం కొంగు పట్టుకున్నాడని ఊరంతా చాటేస్తుంది. ఎటూ నా పళ్లెంలోనే తింటుంది కదా అని నా కూర వదిలేయడం మొదలెట్టా. ఊరికే వదిలితే అమ్మ ఊరుకోదు. ఏదో వంక కావాలి. అప్పుడే నాకాలో చేరాను. ఆ వేషం ఇక్కడ కూడా వేశా. వంకాయలో పురుగుందన్నా, మామిడిపండు ముక్క కుళ్లిందన్నా. అమ్మ రోజూ నన్ను తిట్టేది."

"మరి మటన్ ఎందుకు వదల్లేదు?"

"మటన్‌ని అనుమానిస్తే కొల్హాపూర్‌లో ఎవడైనా నమ్ముతాడా? దెయ్యం పట్టిందని అమ్మ నా నెత్తి మీద నిమ్మకాయలు కోయించేది."

"ఆవిడ పోయి ఇరవై ఏళ్లయింది కదా ఆబా!"

"అప్పటికి నా నాలుక కూడా ఆ అబద్ధాన్ని నమ్మేసింది. ఇప్పుడు నిజంగానే ఆ వాసనకు కడుపులో తిప్పుతుంది. అయినా హౌసాకి ఇవంటే ప్రాణం కదే. దానికి కాస్త ఎక్కువే మిగలనీ."

నాకు నవ్వూ వచ్చింది, ఆయన్ని చూస్తే ఎక్కడలేని ప్రేమా వచ్చింది. రెండూ దాచుకుని మర్నాడు ఆయీ రాగానే పక్కపక్కనే రెండు పీటలు వేశాను, రెండు పళ్లేలు పెట్టాను.

"ఈ వయసులో నాకీ సిగ్గుమాలిన పనేమిటే వైజూ!" అంది ఆయీ. అంటూనే కొంగు ముఖం మీదికి లాక్కుని పీట చివర కూర్చుంది. ఇద్దరికీ చెరి నాలుగు వంకాయలు వేశాను.

"హౌసాకి వేశావా? ఎన్ని?" అన్నారు ఆబా.

"నాలుగు. మీకూ నాలుగు. ఇంక మీరు వదలనక్కర్లేదు."

"ముందు దాన్ని తిననీ."

ఆయీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ తినడం నేను ఎదురుగా కూర్చుని చూడటం అదే మొదటిసారి. కళ్లు గట్టిగా మూసుకుని, నమలకుండా గుటుక్కున మింగి, వెంటనే నీళ్లు తాగింది. చిన్నప్పుడు నేను ఆముదం తాగిన పద్ధతి అచ్చంగా అదే.

"ఆయీ, మీకు వంకాయ ఇష్టమేనా?"

ఆయీ ఆబా వైపు ఓరగా చూసింది. "పుట్టినప్పట్నుంచీ పడదే తల్లీ."

"మరి కాకరకాయ? సొరకాయ? మామిడిపండు?" ఆబా గొంతు పెరిగింది.

"ఏదీ పడదండీ. మా పుట్టింట్లో నన్ను కూరల దొంగ అనేవాళ్లు. అన్నీ గేదెకు పెట్టేసేదాన్ని."

"నలభై ఆరేళ్లు తిన్నావు కదే!"

"ఏం చెయ్యమంటారు? నాకోసమని రోజూ మీ అమ్మ చేత తిట్లు తిని మరీ దాచిపెట్టేవారు. మొదటిరోజే తెలిసింది నాకు. నచ్చలేదని ఏ నోటితో చెప్పను?"

 ఆబా తడుముకుంటూ చెయ్యి ఆవిడ పళ్లెంలోకి పోనిచ్చి, రెండు వంకాయలు తీసి తన పళ్లెంలో వేసుకున్నారు. ముక్కు మూసుకుని మొదటిది మింగారు. ముఖం ముడుచుకుపోయింది.

"ఛీ! దీన్నా నేను ప్రేమగా దాచిపెట్టింది!"

ఆయీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

ఆ పూటే ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. కూర చెరిసగం. డాక్టరు ఆబాకి కోసేసిన మటన్ వాటా ఆయీకి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కాబట్టి ఎవరూ ఒక్క ముక్క కూడా తప్పించుకోలేకపోయారు. "మింగావా? నోరు తెరు," అని ఆయన. "ముందు మీ నాలుక కింద చూపించండి," అని ఆవిడ. వంటింట్లో నిలబడి ఇద్దరికీ నేనే సాక్షిని. నెలన్నరకు షుగర్ దిగింది. డాక్టరు మొదట నమ్మలేదు, ఇంకోసారి రక్తం తీయించాడు. తర్వాత కంటికి కత్తి పెట్టాడు.

కట్టు విప్పిన రోజున ఆయీ మంచం పక్కనే కూర్చుని ఉంది. ఆబా రెప్పలు ఆడించి, కళ్లు చిట్లించి, ఆవిడను తల నుంచి కాళ్ల దాకా అనుమానంగా చూశారు.

"హౌసా, నువ్వు ఇంత లావు ఎప్పుడయ్యావే?"

"మీరు నిజం ఒప్పుకున్నాక," అంది ఆయీ. "మటన్ తింటున్నాను కదండీ!"