తోపుడు ట్రాలీ, నా చప్పట్లు

నా చిన్నప్పుడు మా బాపు గూడ్సు బండి డ్రైవరు. బడి లేని రోజుల్లో నన్ను దొంగచాటుగా ఇంజన్ ఎక్కించుకునేవాడు. పైవాళ్లకు తెలిస్తే కొలువు పోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పట్లో పట్టాల తనిఖీకి తోపుడు ట్రాలీలు ఉండేవి. ఇనుప చక్రాల మీద ఒక బల్ల, దాని మీద గొడుగు కింద ఇంజనీరు దొర. వెనక నలుగురు ఉత్తకాళ్లతో పట్టాల మీదే పరుగెత్తుతూ తోసేవారు. రైలు వస్తే ఆ నలుగురే ట్రాలీని ఎత్తి పక్కన పెట్టాలి.

ఒకరోజు మహబూబ్‌నగర్ దాటాక దూరాన ట్రాలీ కనిపించింది. బాపు బండిని నెమ్మది చేశాడు. వాళ్లు తీరిగ్గా దించుకునేంత సమయం ఉంది. కానీ ఆయనకు నన్ను నవ్వించాలనిపించింది. "సూడు బిడ్డా, ఎట్ల ఉరుకుతరో" అంటూ కూత తాడు వదలకుండా లాగాడు. దొర గొడుగు పారేసి దూకాడు. మిగతావాళ్లు గాభరాగా ట్రాలీ ఎత్తబోయి తడబడ్డారు, చివరికి ఎలాగో పట్టాల పక్కకు పడేశారు. నేను పడీపడీ నవ్వాను, చప్పట్లు కొట్టాను. ఇంజన్ పక్కనుంచి పోతుంటే ఒకతను కంకర మీద కూలబడి, రుమాలు చుట్టిన చేతిని కడుపుకు అదుముకుని పైకి చూశాడు. అప్పటికీ నా నవ్వు ఆగలేదు. బాపు బండి ఆపలేదు.

కొన్నాళ్లకు అతను మా ఇంటికి వచ్చాడు. కోస్గి దిక్కు మనిషి. దవాఖానలో మూడు వేళ్లు తీసేశారట. అజాగ్రత్తతో ట్రాలీ జారవిడిచాడని దొర రాశాడట, కొలువు తీసేస్తారట. తన కూతకు వాళ్లు బెదిరారని బాపు ఒక్క మాట చెబితే చాలన్నాడు. బాపు తనకేమీ తెలియదన్నాడు. బొగ్గు వేసేవాళ్లు బాపు చేతికిందివాళ్లు, వాళ్లూ నోరు విప్పరు. అప్పుడతను నా వైపు తిరిగాడు.

"నువ్వు సూసినవ్ గద కొడుకా. ఇంజన్ల ఉన్నవ్. సప్పట్లు గూడ కొట్టినవ్."

బాపు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నేనసలు ఇంజనే ఎక్కలేదని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. అతను కోపగించుకోలేదు. నా చేతుల వైపు కాసేపు చూసి, "పైలంగుండు కొడుకా" అని జాగ్రత్త చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం బాపు జిలేబీ తెచ్చాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

పెద్దయ్యాక నేనూ డ్రైవరునే అయ్యాను, తెలంగాణ వచ్చాక రిటైరయ్యాను. పట్టాల పని పసుపుపచ్చ యంత్రాల చేతికి వచ్చినా, వాటి పక్కన మనుషులుంటారు. వాళ్లు కనిపిస్తే మైలు దూరం నుంచే కూత వేసి వేగం తగ్గించేవాణ్ని. తోటివాళ్లు పిరికివాడనేవారు. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు.

మొన్న మనవరాలు బడి వార్షికోత్సవంలో నాట్యమాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది వేదిక దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "తాతా, నీకు నచ్చలేదా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మంచిగా ఆడినవ్ బిడ్డా అన్నాను. పది వేళ్లూ ఉన్న నా చేతులు మాత్రం ఒళ్లోనుంచి లేవలేదు.