ఇటలీ కెమెరా ఆయన ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు ఒక ఇటలీ దేశపు సినిమా కెమెరా ఆయన వరంగల్ కొత్తవాడలోని మా పెంకుటింటికి వచ్చాడు. ఈ మాట అంటే మా మనవలు నమ్మరు. నాయనమ్మ కోతలు కోస్తోందంటారు. కోతలు కోసే వయసు నాకెప్పుడో దాటిపోయింది. అది డెబ్బైల నాటి మాట, నాకు అప్పుడు పదకొండేళ్లు.

మా నాయన నా ఐదో ఏటనే పోయాడు. తాత జంపఖానాలు నేస్తేనే మా నాయనమ్మకూ అమ్మకూ నాకూ ఇంత ముద్ద. తాత నేసిన చారలు గీటు గీసినట్టుంటాయని వాడకట్టంతా పేరు. నూలిచ్చే షావుకారు మాత్రం పేరును చూసేవాడు కాదు, పనిని చూసేవాడు. ఆ ఏడే మా వరుస ఇళ్లలో ఒక పెద్దాయనకు కళ్లు మసకబారి రంగులు తప్పితే, మర్నాటి నుంచే ఆ ఇంటికి నూలు ఆపేశాడు. పాపం, ఆ ముసలాయన అరుగు మీద ఊరికే కూర్చుని ఉండేవాడు. మా తాత అటువైపు చూడకుండా నడిచిపోయేవాడు.

మా ఊళ్లో ఇటలీ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన చర్చి ఫాదర్ ఒకాయన ఉండేవాడు. సైకిలు మీద తిరుగుతూ, మా మాట మాలాగే మాట్లాడేవాడు. కెమెరా ఆయన ఫాదర్‌కు చిన్ననాటి దోస్తు. ఆయన సంగతులన్నీ ఫాదరే మాకు కథలా చెప్పాడు. రొట్టెలు కాల్చేవాళ్ల ఇంట్లో పుట్టాడట. మొదట కెమెరా అద్దాలు తుడిచాడట, తర్వాత యుద్ధంలో సిపాయిల వెంట కెమెరా మోశాడట. ఆ పైన పెద్ద పెద్ద సినిమాలు. అట్టలతో కట్టిన మేడలో ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించి, అది నిజమైన రాజమహలని లోకాన్ని నమ్మించాడట. ఆయన ఉంటేనే షూటింగుకు వస్తామని హీరోయిన్లు పట్టుబట్టేవాళ్లట, ముఖం మీద వెలుగు ఎక్కడ పడాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని. ముప్పై ఏళ్లు అలా చేశాక, చేతిపనుల వాళ్ల మీద సొంతంగా ఒక చిన్న సినిమా తీసుకోవాలని దేశాలు తిరుగుతూ మా ఇంటిదాకా వచ్చాడు. అబ్బ, అంతటివాడు మా గడప ముందు వంగి చెప్పులు విడిచాడు!

మొదటి రోజు కెమెరా తేలేదు. మగ్గం పక్కన నేల మీద కూర్చుని, కప్పులోని అద్దం పెంకులోంచి తాత చేతుల మీద పడే ఎండను పూటంతా చూశాడు. ఎల్లుండి వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకేముంది, మా ఇంట్లో పండగ మొదలైంది. పొగచూరిన గోడలు సినిమాలో పడితే పరువేం కావాలని నాయనమ్మ ఇల్లంతా సున్నం వేసింది. నా వంతుగా నేను తాత పక్కనుండే, రంగురంగుల నూలు చుట్టిన కండెల చాట సర్దాను. తాత ఎప్పుడూ ఎర్రవి గోడవైపు, పచ్చవి తనవైపు, పసుపువి మధ్యలో పెట్టుకునేవాడు. అదేదో ముసలి చాదస్తం అనుకున్నాను. వాటన్నింటినీ కలిపి, బతుకమ్మ పేర్చినట్టు రంగు పక్కన రంగు గుండ్రంగా పేర్చి, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయాను.

కెమెరా ఆయన వచ్చి తెల్లగోడలు చూసి తల పట్టుకున్నాడు, ఆ వెంటనే పకపకా నవ్వాడు. వెనక వీధిలో గొర్రెలు కాసే కురుమల ఇళ్లకు పోయి నాలుగు నల్ల గొంగళ్లు అడిగి తెచ్చి, తనే మేకులు కొట్టి గోడలకు కట్టాడు. నడుం విరిగేలా సున్నం వేస్తే ఈ ఎర్రోడు గొంగళ్లు కప్పుతున్నాడని నాయనమ్మ సణిగింది. కానీ గొంగళ్లు కట్టాక ఇల్లు చీకటై, అద్దం పెంకులోంచి పడిన ఎండ తాత చేతుల మీద మాత్రమే నిలిచింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ చేతులను నేను ఆ రోజే చూశాననిపించింది. నాయనమ్మ కూడా చూడటానికి దగ్గరికి జరిగింది.

వాడకట్టు జనమంతా వాకిట్లోనే ఉన్నారు. షావుకారైతే పాన్ నములుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. కెమెరా గిర్రున తిరుగుతోంది. ఎర్ర చార నడుస్తుండగా చేతిలోని కండె అయిపోయింది. తాత చెయ్యి చాటలోకి పోయింది, ఆగింది, తడుముకుంది, ఒక కండె తీసింది. పచ్చది. ఎర్ర చారలో పచ్చ పోగు పడింది. తాత గుర్తుపట్టలేదు. నేను గుమ్మంలోని షావుకారు వైపు చూశాను, ఆయన కళ్లు ఇంకా కెమెరా మీదే ఉన్నాయి. ఆయన రంగులు చూసి తీయడం లేదని, చోటును బట్టి తీస్తున్నాడని అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

కెమెరా ఆయన తల పైకెత్తాడు. పచ్చ పోగును చూశాడు, చాటను చూశాడు, తాత కళ్లలోకి చూశాడు. అంతే, చప్పట్లు కొట్టి వాళ్ల భాషలో ఏదో గట్టిగా అన్నాడు. రీలు అయిపోయిందట, తనదే పొరపాటట అని ఫాదర్ అందరికీ చెప్పాడు. కెమెరా ఆయన కెమెరాను వాకిట్లోకి తీసుకుపోయి దాని మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, లోపలికి తొంగిచూడమని మొట్టమొదట షావుకారునే పిలిచాడు. షావుకారు పొంగిపోయి పోయాడు. ఆయన వెనక మా నాయనమ్మా అమ్మాతో సహా వాడకట్టంతా వరుస కట్టింది. లోపల తాత, నేను మిగిలాం.

ఫాదర్ వాకిట్లోకి పోతూ నా చెవి దగ్గర వంగాడు. "బిడ్డా, కండెలు ముందుగాల ఎట్లుండెనో అట్లనే పెట్టు. సప్పుడు చెయ్యకు."

నేను పచ్చ పోగు లాగేశాను. చాట మళ్లీ సర్దాను. తాతకు అంతా అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని, "మీ నాయనమ్మకు చెప్పకు బిడ్డా, ఫికర్ పెట్టుకుంటది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. మళ్లీ కెమెరా లోపలికి వచ్చేసరికి ఎర్ర చార ఎర్రగానే సాగుతోంది. షావుకారు ఇంకా కెమెరా ముచ్చటే చెబుతున్నాడు.

సాయంత్రం ఫాదర్ ఒక్కడే వచ్చి నాయనమ్మను పక్కకు పిలిచాడు.

"రీలు అయిపోలేదమ్మా. పెద్దాయన కండ్లల్ల పొర వచ్చింది. ముప్పై ఏండ్లు ముఖాలు చూసినోడు, మా వోనికి ఎరుకైంది. ఆపరేషన్ చేస్తే నయమైతదట, నేను తోల్కపోత."

నెల తిరక్కుండానే ఫాదర్ తాతను దవాఖానకు తీసుకుపోయాడు. షావుకారు అడిగితే మేడారం సమ్మక్కకు మొక్కు చెల్లించడానికి పోయాడని నాయనమ్మ చెప్పింది. సమ్మక్క పేరు మీద అబద్ధమాడానని భయపడి, ఆ ఏడు నిజంగానే పోయి బెల్లం మొక్కు చెల్లించుకుని వచ్చింది. తాత దళసరి కళ్లద్దాలతో తిరిగొచ్చి ఇంకో ఆరేళ్లు నేశాడు. ఆ సినిమా మాత్రం మేమెవరం చూడలేదు. ఎక్కడ ఆడిందో, అసలు ఆడిందో లేదో కూడా తెలియదు. ఆ మనిషి తీసిన ఒక్క బొమ్మ కూడా చూడకుండానే, అంత గొప్ప కెమెరా ఆయన ఇంకొకరు లేరని నేను ఇప్పటికీ పందెం కడతాను.

పెద్దయ్యాక మరిపెడలో బడి పంతులమ్మనయ్యాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, వెనక బెంచీలోని ఒక పిల్లను లేపి పాఠం చదవమన్నాడు. దానికి అక్షరాలు కూడా సరిగా రావని నాకు తెలుసు. అది పుస్తకంలోకి తల దించేసుకుంది, పక్క పిల్లలు అప్పుడే కిసుక్కుమంటున్నారు. నేను లేచి, ఆ పాఠం నేనింకా చెప్పనే లేదు సార్, తప్పు నాదే అన్నాను. ఆయన నలభైమంది పిల్లల ముందు నన్ను నానా చివాట్లూ పెట్టాడు. తల వంచుకుని ఆ మాటలన్నీ పడ్డాను. పిల్ల కూర్చుంది. ఆ సాయంత్రం అందరూ పోయాక మేమిద్దరం తలుపు దగ్గరగా వేసుకుని, అ ఆలతో మొదలుపెట్టాం.